పడవ మీద డిష్

దూరదర్శన్ రోజులు గుర్తున్న తెలుగువాళ్ళందరికీ ఒక సంభాషణ నోటికి వచ్చి ఉంటుంది. డాబా మీద ఒకరు యాంటెనా కట్టిన వెదురు గెడ పట్టుకుని తిప్పుతుంటారు. కింద టీవీ ముందు ఒకరు కూర్చుంటారు. మధ్యలో, మెట్ల మీద, కబుర్లు మోసే పిల్లాడొకడు.

"వచ్చిందా?"

"రాలేదు."

"ఇప్పుడో?"

"వచ్చింది... పోయింది... ఇందాకటిదే బాగుంది!"

ఆ పిల్లాణ్ణి నేను. గెడ పట్టుకున్నది మా నాన్న. 1987 వరల్డ్ కప్ సెమీఫైనల్లో గ్రాహం గూచ్ మన స్పిన్నర్లని స్వీపుల మీద స్వీపులు కొడుతుంటే, "ఈ మాత్రం దానికి బొమ్మ రాకపోయినా బాగుండేది" అని నాన్న గెడ వదిలేసి కిందకి దిగి వచ్చేయడం నాకింకా గుర్తే.

ముప్పై మూడేళ్ళ తర్వాత అదే సంభాషణ ఇంగ్లండులో ఒక కాలవ గట్టు మీద మళ్ళీ జరిగింది. ఈసారి గట్టు మీద నేను, లోపల టీవీ ముందు నాన్న.

నేను పడవలో ఉంటానని ఇదివరకు ఒకటి రెండుసార్లు రాశాను. నారోబోట్ అంటారు. పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగులకి రెండంగుళాలు తక్కువ. బారచాపితే రెండు గోడలూ దాదాపు చేతికి అందుతాయి. పద్ధెనిమిదో శతాబ్దంలో ఇక్కడ కాలవలు తవ్వినప్పుడు చాలాచోట్ల లాకులు ఏడడుగుల వెడల్పుతో కట్టారు, అందుకని పడవలు ఇప్పటికీ అదే కొలత. నాకు సొంత రేవు లేదు. అలాంటి పడవలు ఒకేచోట పద్నాలుగు రోజులకి మించి ఉండకూడదని 1995 నాటి చట్టం. కాబట్టి రెండు వారాలకోసారి ఇల్లు కదులుతుంది. పెరడు మారుతుంది, పక్కింటివాళ్ళు మారతారు. ఈ వ్యాసానికి కావలసిన సంగతేమిటంటే, ఇంటికి తలుపు ఎటువైపుందో కూడా మారుతుంది.

అమ్మ పోయిన ఏడాదికి, 2020 ఫిబ్రవరిలో, నాన్న మూడు నెలలుందామని వచ్చారు. తర్వాత ఏమైందో మీకందరికీ తెలుసు. విమానాలు మళ్ళీ మొదలయ్యాక కూడా, డెబ్భై నాలుగేళ్ళ మనిషిని, సుగరూ బీపీ ఉన్న మనిషిని, ఒంటరిగా ఉండే ఇంటికి పంపడానికి నాకు ధైర్యం చాలలేదు. "ఇంకో నెల చూద్దాం నాన్నా" అంటూ ఏడాది గడిపేశాను. ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు.

మొదట్లో బాగానే ఉన్నారు. నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఊరు లొల్ల లాకులకి దిగువన, కాలవ గట్టు మీదే. లాకు అన్న మాట కోనసీమలో ఇంగ్లీషు మాటని ఎవరూ అనుకోరు, కాటన్ దొర కాలం నుంచీ అది మన మాటే. ఇక్కడ లాకు తలుపుల దూలాన్ని వీపుతో నెట్టి తెరుస్తుంటే నాన్న గట్టు మీద నిలబడి, "ఆగు, నీళ్ళు సమానం కాకుండా ఎందుకు తోస్తావ్? నీ బలం సరిపోదు, అది పెన్నీరు" అని నాకే పాఠం చెప్పేవారు. ఆ వేసవంతా అలా గడిచింది. చలికాలం వచ్చేసరికి మాటలు తగ్గిపోయాయి. నాలుగింటికే చీకటి. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని కిటికీలోంచి నీళ్ళు చూస్తూ ఉండేవారు. ఫోన్లో సీరియళ్ళు పెట్టిస్తే, "చిన్న బొమ్మ, కళ్ళు లాగుతున్నాయి" అని పక్కన పెట్టేసేవారు. ఏం కావాలి నాన్నా అంటే, ఏం వద్దు.

అలాంటి రోజుల్లో వచ్చింది కబురు. ఇంగ్లండు జట్టు మన దేశం వచ్చి ఆడే టెస్టులని ఛానల్ 4 చూపించబోతోందని, సిరీస్‌కి కొద్ది రోజుల ముందు తెలిసింది. ఈ దేశంలో టెస్టు క్రికెట్ చందా కట్టకుండా ప్రత్యక్షంగా చూడగలగడం 2005 యాషెస్ తర్వాత అదే మొదటిసారి. ఫిబ్రవరి 5న చెన్నైలో మొదలు. అక్కడ తొమ్మిదిన్నర అంటే ఇక్కడ తెల్లవారుజాము నాలుగు. నాన్న ఎలాగూ మూడున్నరకి లేచే ఉంటారు.

పడవలో పాత టీవీ ఉంది, ఉచిత ఛానళ్ళు వచ్చే ఉపగ్రహ బాక్సుంది, అరవై సెంటీమీటర్ల డిష్ ఉంది. ముందటి యజమాని వదిలేసిపోయిన సామాను. నేనెప్పుడూ వాడలేదు. ఫోన్లోనే చూడొచ్చుగా అంటారేమో. ఊళ్ళకి దూరంగా, గట్ల మధ్య దిగువన ఉన్న కాలవలో 4జీ ఒక గీత వచ్చి పోతూ ఉంటుంది. అయిదు రోజుల టెస్టుకి అది ఆనదు. పైగా నాన్నకి పెద్ద బొమ్మ కావాలి.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, విసుక్కోకండి. భూమధ్యరేఖకి పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి కింద ఉన్నవాళ్ళకి ఆకాశంలో మేకు కొట్టినట్టు కదలకుండా కనిపిస్తుంది. ఇలాంటి మూడింటితో లోకమంతటికీ ప్రసారాలు అందించవచ్చని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే ఒక పత్రికలో రాశాడు. బ్రిటన్ ఛానళ్ళు మోసే ఆస్ట్రా ఉపగ్రహాలు తూర్పు రేఖాంశం 28.2 డిగ్రీల దగ్గర, అంటే ఆఫ్రికా నడినెత్తిన ఉంటాయి. మేమున్న నార్తాంప్టన్‌షైర్ నుంచి చూస్తే ఆగ్నేయానికి పది డిగ్రీలు దక్షిణంగా, నేల నుంచి 24 డిగ్రీల ఎత్తులో. వాస్తు చూసుకునేవాళ్ళకి ఆగ్నేయం వంటిల్లు. పడవలో వాళ్ళకి అది టీవీ.

ఉపగ్రహం కదలదు, సరే. కదిలేది మనం. ఇంటి గోడకి బిగించిన డిష్ జన్మకోసారి సరిచేస్తే చాలు. పడవకైతే ఆగిన ప్రతిచోటా కొత్తగా వెతుక్కోవాలి. నేను మొదట భయపడింది పడవ ఊగుతుందని. తర్వాత అర్థమైంది, ఊగడంలో రెండు రకాలున్నాయి. పక్కనుంచి ఇంకో పడవ పోతే మన పడవ తాళ్ళ మీద ఒక మీటరు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దానివల్ల ఏమీ కాదు, ముప్పై తొమ్మిది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నదానికి ఒక మీటరు ఎంత? కానీ ఎవరో ఒకరు పడవ అంచు మీద కాలు పెడితే అది అటు ఒరుగుతుంది. ఒరిగేది ఒక డిగ్రీయే. ఆ ఒక్క డిగ్రీ అంత దూరాన దాదాపు ఏడువందల కిలోమీటర్లవుతుంది. అరవై సెంటీమీటర్ల డిష్ ఒకటిన్నర డిగ్రీ పక్కకి తిరిగితే బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోతుంది. నేను టీ పట్టుకుని వెనక గుమ్మంలోంచి దిగినప్పుడల్లా లోపల నాన్న "పోయింది!" అని అరవడానికి కారణం అదే.

సముద్రం మీద పోయేవాళ్ళకి దీనికి మందుంది. మా పెదనాన్నగారబ్బాయి మర్చంట్ నేవీలో ఉన్నాడు. ఓడల మీద కనిపించే తెల్లటి గుమ్మటాల్లో డిష్ ఉంటుందనీ, ఓడ ఎటు ఒరిగితే దానికి ఎదురుగా మోటార్లు డిష్‌ని తిప్పుతూ ఉంటాయనీ వాడే చెప్పాడు. అయినా నడిసముద్రంలో టీవీ రాదట. డిష్ తప్పు కాదు. టీవీ కంపెనీలు సిగ్నల్‌ని తమ చందాదారులున్న నేల మీదకే పోస్తాయి, చేపలకి పోయవు. ఆ గుమ్మటం ధరకి నాలాంటివాడు ఇంకో పాత ఇంజను కొనుక్కోవచ్చు. కాలవ మీద వాళ్ళు చేసేది తేలిక పని: డిష్‌ని ముక్కాలి స్టాండుకి బిగించి గట్టు మీద పెట్టేయడం. పడవ ఎటు ఒరిగినా నేల ఒరగదు.

మొదటి రోజు పట్టుకోవడానికి నాకు రెండు గంటలు పట్టింది. దిక్సూచి అబద్ధం చెప్పింది, పడవంతా ఉక్కు కాబట్టి. గట్టు మీద నాలుగడుగులు దూరం వెళ్ళి చూస్తే గానీ ముల్లు దారికి రాలేదు. సిగ్నల్ తగిలితే కీచుమనే చిన్న మీటరు ఉంది. అది ఏ ఉపగ్రహానికైనా కీచుమంటుంది, మనదా పరాయిదా అని దానికి పట్టింపు లేదు. "వచ్చిందా?" అంటే నాన్న "వచ్చింది, కానీ ఎవడో జర్మనీలో వార్తలు చదువుతున్నాడు" అన్నారు. తొమ్మిది డిగ్రీలు పడమరగా, 19.2 దగ్గరున్న ఇంకో ఆస్ట్రాకి తగులుకున్నానన్నమాట. ముందు లంగరేసి ఉన్న పడవలోని ముసలాయన పొగ పీలుస్తూ ఇదంతా చూస్తున్నాడు. నా అవస్థ చూడలేక చెప్పాడు, "అదిగో ఆ పల్లెలో ఇళ్ళ గోడల మీద డిష్‌లన్నీ ఎటు చూస్తున్నాయో చూడు. నీదీ అటే పెట్టు." అంత సులువు.

ఆ అయిదు రోజులూ నాన్న తెల్లవారుజామున నాలుగింటికి దుప్పటి కప్పుకుని కూర్చునేవారు. జో రూట్ తన వందో టెస్టులో 218 కొట్టాడు, మనం ఓడిపోయాం, అయినా నాన్న మాట్లాడటం మొదలుపెట్టారు. బొమ్మ ఎందుకు పోతుందో, వర్షానికి ఎందుకు గీరుకుపోతుందో, ఈ డిష్ నిటారుగా నిలబడి పొలంలోకి చూస్తూ ఆకాశంలోది ఎలా పట్టుకుంటోందో అడిగేవారు. చివరి ప్రశ్నకి నాకూ జవాబు వెతకాల్సి వచ్చింది. ఈ చిన్న డిష్‌లు పెద్ద గిన్నెలోంచి ఒక పక్క ముక్క కోసినట్టుంటాయి. నిటారుగా నిలబెట్టినా వాటి చూపు ఇరవై నాలుగైదు డిగ్రీలు పైకే ఉంటుంది. "అంటే తలొంచుకుని కళ్ళెత్తి చూసే రకం" అన్నారు నాన్న.

10వ తేదీన నీళ్ళ ట్యాంకు నింపుకోవాల్సి వచ్చింది. లాక్‌డౌన్‌లో తిరగొద్దన్నా నీళ్ళకీ టాయిలెట్ ఖాళీ చేయడానికీ కదలవచ్చు. కుళాయి దాకా వెళ్ళి తిరిగొస్తుంటే చీకటి పడింది, దొరికినచోట కట్టేశాను. పొద్దున్న లేచేసరికి కాలవ గడ్డకట్టి ఉంది. ఆ వారం చలి మీలో ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మంచు పలకల్లో పడవ నడిపితే సొంత పడవకి వేసిన నల్లరంగు గీరుకుపోతుంది, ఎదుటివాళ్ళ పడవలు దెబ్బతింటాయి. కదిలేది లేదు. చూస్తే మేమున్నచోట రెండు పక్కలా ఎత్తైన గట్లు, గట్ల మీద చెట్లు. సరిగ్గా ఆగ్నేయంలో, పదిహేను మీటర్ల ఎత్తు ఉంటాయేమో, వరసగా యాష్ చెట్లు.

శనివారం, 13న, రెండో టెస్టు. నాలుగింటికి చీకట్లో టార్చి పట్టుకుని డిష్‌ని గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా మోశాను. మీటరు ఒక్కసారి కూడా కూయలేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి. లోపలికొచ్చి, "రావట్లేదు నాన్నా, ఇవాళ్టికి ఫోన్లో స్కోరు చూద్దాం" అన్నాను. నాన్న ఏమీ అనలేదు. ఆయన అలా ఏమీ అనకపోవడం నాకు ఏడాదిగా అలవాటే, కానీ ఆ పూట భరించలేకపోయాను.

తెల్లారాక ఆయనే బయటికొచ్చారు. నా కోటు మీద తన కోటు, తల చుట్టూ మఫ్లరు. చేతిలో నా పనిముట్ల పెట్టెలోంచి తీసిన రసమట్టం.

"స్టాండు నిట్టనిలువుగా లేదు" అన్నారు. "గట్టు ఏటవాలుగా ఉంది, నువ్వు కంటితో పెడుతున్నావ్. గొట్టం నిలువుగా లేకపోతే నువ్వు పక్కకి తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది. ఒకేసారి రెండు వెతుకుతున్నావ్. ఎత్తు పోయిన వారం ఎక్కడ కుదిరిందో అక్కడే బిగించి వదిలెయ్, మనం ఎక్కడికో పోలేదుగా. గొట్టం తూకానికి నిలబెట్టు. అప్పుడు తిప్పడమొక్కటే మిగుల్తుంది."

ఈ ఒక్క మాట నాకు ఎవరూ చెప్పలేదు. లెవెలింగ్ చేసిన మనిషికి అది మాటే కాదు.

తర్వాత చెట్ల సంగతి. 24 డిగ్రీల ఎత్తుకి, పది మీటర్ల చెట్టు మనకి ఇరవై రెండు మీటర్లకన్నా దగ్గరుంటే అడ్డమే. పదిహేను మీటర్లదైతే ముప్పై మూడు. నాన్న వేళ్ళ మీద లెక్కేసి, చెట్ల వైపు కాక కాలవ వైపు చూశారు. "నీళ్ళ మీద చెట్లు మొలవవు కదా. కాలవ ఆగ్నేయానికి తిరిగేచోటు ఎక్కడైనా ఉందా?" ముందు ఒక మలుపుంది. అక్కడ నిలబడితే కాలవ తిన్నగా సాగి, రెండు వరసల చెట్ల మధ్య ఆకాశం వీధిలా తెరిచి ఉంది. అది సరైన దిక్కో కాదో ఎలా తెలుసుకోవడం? అప్పటికి కాసేపు ఎండ వచ్చింది. ఫిబ్రవరి మధ్యలో మా దగ్గర ఉదయం పది గంటల ప్రాంతంలో సూర్యుడు ఆ ఉపగ్రహమున్న దిక్కుకే వస్తాడు, దానికన్నా అయిదారు డిగ్రీలు కిందుగా. పదింటికి ఎండ నా ముఖాన పడితే ఉపగ్రహమూ నన్ను చూస్తున్నట్టే. పది దాకా ఇద్దరం ఆ మలుపులో కాళ్ళు తపతపలాడిస్తూ నిలబడ్డాం. సూర్యుడు సరిగ్గా కాలవ చివరికి వచ్చాడు.

పడవ నుంచి మలుపుకి ముప్పై అయిదు మీటర్లు. నా దగ్గర పది మీటర్ల తీగ, ఇంకో పాతిక మీటర్ల చుట్ట ఉన్నాయి. మధ్యలో అతుకు, దాని మీద టేపు, నడిచేవాళ్ళ కాళ్ళకి తగలకుండా కంచె వారన పరిచాం. నాన్న లోపలికి వెళ్ళారు. కేకలు వినపడవు కాబట్టి ఫోన్.

"వచ్చిందా?"

"లేదు."

"ఇప్పుడో?"

"లేదు... ఆగు ఆగు... ఉంచు. ముట్టుకోకు. చెయ్యి తియ్."

రోహిత్ శర్మ 161 కొట్టి అప్పటికే అవుటైపోయాడు. వెలుగు తగ్గుతున్న చెన్నైలో పంత్ ఆడుతున్నాడు. నాన్న ఆ చివరి అరగంటా చూశారు.

సోమవారం మాత్రం ఏదీ పోలేదు. తొమ్మిది వికెట్లు పడిపోయాక అశ్విన్ సెంచరీకి దగ్గర్లో ఉన్నాడు, అవతల పదకొండో వాడు సిరాజ్. మన హైదరాబాదు కుర్రాడు, ఆటో నడిపిన తండ్రి కొడుకు. ఒక్కో బంతినీ ఆపుతుంటే నాన్న కుర్చీ అంచుకి వచ్చేశారు. అశ్విన్ వంద కొట్టగానే అతనికన్నా ఎక్కువగా సిరాజ్ ఎగిరాడు, సెంచరీ తనదే అన్నట్టు. నాన్న చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వారు. నవ్వు ఆగాక, టీవీ మీంచి కళ్ళు తీయకుండానే అన్నారు.

"ఆ కుర్రాడు వాళ్ళ నాన్నని ఆఖరి చూపు చూసుకోలేదురా. ఆస్ట్రేలియాలో ఉండిపోయాడు."

"అవును నాన్నా. నవంబర్లో."

"నా టికెట్టు సంగతి ఏం చేశావ్?"

ఏడాదిలో అడగడం అదే మొదటిసారి. ఆ రాత్రి టికెట్టు కొన్నాను. మార్చి మధ్యలో వెళ్ళారు. అప్పటికి మంచు కరిగింది, మేం కదిలాం, అహ్మదాబాదులో మిగతా రెండు టెస్టులూ నెగ్గాం. మార్చి మొదట్లో కొన్నాళ్ళు ఉదయం పది దాటిన కాసేపటికి కొద్ది నిమిషాలు బొమ్మ పోయేది. సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడి దాని గొంతు నొక్కేసే రోజులవి. మొదటిసారి నేను స్టాండు తిప్పబోతుంటే, "కూర్చో, పోతాడు" అన్నారు నాన్న.

వెళ్తూ ఒక చిన్న నోటుపుస్తకం వదిలేసి వెళ్ళారు. మేం ఆగిన ప్రతిచోటా రాసుకున్నారు, ఇరిగేషన్ రికార్డులా. కుడిగట్టు, ఎడమగట్టు, ఆగ్నేయం ఖాళీ, ఆగ్నేయం చెట్టు, చెట్టు ఎత్తు. ఒకచోట "ఇప్పుడు వచ్చును, ఆకు వచ్చిన పిదప రాదు" అని ఉంది. మే నెలలో అక్కడికే మళ్ళీ వెళ్ళాను. రాలేదు.

ఇప్పుడు పడవల మీద చాలామంది స్టార్‌లింక్ పలకలు పెట్టుకుంటున్నారు. కిందుగా తిరిగే ఉపగ్రహాలు, ఒకటి పోతే ఇంకొకటి, దేన్నీ వెతుక్కోనక్కర్లేదు. బ్యాటరీని మాత్రం గంటల తరబడి తాగుతూ కూర్చుంటుంది, చలికాలం సోలార్ పలకలకి అంత శక్తి లేదు. నేనింకా కొనలేదు.

నాన్న ఊరు చేరిన వారానికి ఫోన్ చేశారు. డాబా మీద ఫ్రీ డిష్ గాలికి తిరిగిపోయిందట, కేబుల్ కుర్రాణ్ణి పిలవకుండా తనే పెట్టుకున్నారట.

"గొట్టం తూకానికి పెట్టా. దిక్సూచి తెప్పించి చూశా. ఎంతో తెలుసా? నూట నలభై అయిదు. మీ కాలవ మీదా అంతేగా?"

నేను నమ్మలేదు. తర్వాత లెక్కేసి చూస్తే నిజమే. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. కోనసీమ నుంచి చూస్తే దాని దిక్కు, ఇక్కడి నుంచి చూస్తే ఆస్ట్రా దిక్కు, దాదాపు ఒక్కటే.

"కాకపోతే ఇక్కడ తల బాగా పైకెత్తాలి" అన్నారు నాన్న. "అరవై ఆరు డిగ్రీలు. ఏ చెట్టూ అడ్డం రాదు."